మాస్టారి మొదటి ‘వద్దు’

ఫిబ్రవరి 11

మా ఇంటి గుండీకి,

ముందుగా రెండు మొట్టికాయలు. మోకాలికి ఆపరేషన్ అయిపోయి, ఇంటికి కూడా వచ్చేశాక తీరిగ్గా ఉత్తరం రాస్తావా? ముందే చెబితే నీ మోకాలు మేమేమైనా లాక్కుంటామా? సరే, కుట్లు మానాయన్నావు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నాను. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. విన్నారు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేంటని మీ ఆయన నవ్వుతున్నారట కదా. ఏం చెయ్యను, మా షాపు ఎంతుంటుందో నీకు తెలుసు. ముందు గదిలో కటింగ్ బల్ల, వెనక గదిలో మంచం, మధ్యలో ఒక కర్టెన్. ఫోన్లో గుసగుసలాడినా ఆయనకి వినబడుతుంది, చెవులకి ఏ జబ్బూ రాలేదు మరి. ఆయన గురించి ఆయన ముందే మాట్లాడటం నాకు చేతకాదు. కాగితమైతే గుండీల డబ్బా కింద పెట్టుకుని, గిరాకీ లేనప్పుడు రెండేసి ముక్కలు రాసుకోవచ్చు.

ఆయన కత్తెర పట్టడం మానేశాక కటింగ్ నేనే చేస్తున్నాను. బల్లకి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుని చూస్తారు. కుడిచెయ్యి ఇంక లేనట్టే. ఎడమచేతిలో రెండు వేళ్లు కదులుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది, నాకు తెలుస్తుంది గానీ కొత్తవాళ్లకి తెలియదు. మోటార్ న్యూరాన్ జబ్బు అని డాక్టరమ్మ చెప్పిన రోజు నువ్వూ పక్కనే ఉన్నావు కదా. చేతులు, కాళ్లు, గొంతు, ఊపిరి అని ఆవిడ చెప్పిన వరసలోనే అన్నీ జరుగుతున్నాయి.

ఒక తమాషా చెప్పనా? బ్యాంకు మేనేజరుగారు ప్యాంటు కొలతకి వచ్చారు. ఊరందరికీ టైలరు మాస్టారైన మీ అన్నయ్య ఇన్నేళ్ల వృత్తిలో ఏ మనిషి నడుం కొలతా పైకి చదివి ఎరగరు. వేళ్లతో నాకు సైగ చేసేవారు, నేను రాసుకునేదాన్ని. ఎవరి నడుమైనా పెరిగితే ‘ఉతికితే గుడ్డ కొంచెం ముడుచుకుందండీ’ అని నేరం గుడ్డ మీదకి తోసేసేవారు. మొన్న టేపు నా చేతిలో ఉంది. ఆయన కుర్చీలోంచి తొంగి చూసి, షాపు నిండా జనం ఉండగా, “నలభై నాలుగు! అబ్బో!” అని అరిచారు. అరిచి పకపకా నవ్వారు. మాట ముద్దగా వచ్చినా ఆ అంకె మాత్రం అందరికీ శుభ్రంగా అర్థమైంది. మేనేజరుగారి మొహం కందగడ్డ అయింది. నేను కర్టెన్ వెనక్కి పారిపోయాను. అక్కడ నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

అసలు విషయానికొస్తాను. మింగడం కష్టమవుతోంది. మంచినీళ్లకి కూడా దగ్గొస్తోంది. పొట్టలోకి సన్నటి గొట్టం పెడితే తిండి నేరుగా అందులో పోయొచ్చని డాక్టరమ్మ చెప్పారు. మీ అన్నయ్య ‘వద్దు’ అన్నారు.

ఆయన మొదటి వద్దు సంగతి నీకు నేను చెప్పాలా? నన్ను పెళ్లి చేసుకోమంటే వద్దన్నారు. ఈ షాపు తీసుకుందామంటే వద్దన్నారు. ఫ్యాను వద్దన్నారు, కరెంటు మిషను వద్దన్నారు. రెండు మూడు రోజులు పోయాక తనే వచ్చి, అదేదో తనకే తట్టినట్టు, ‘ఏమోయ్, ఆ సంగతి చూద్దామా’ అనడం. ఆ మొదటి వద్దుని మనింట్లో ఎవరు లెక్కలోకి తీసుకున్నారు గనక? అందుకే నేనేం మాట్లాడలేదు. “కంగారు పడకండి, ఇది మొదటి వద్దేనండీ” అని డాక్టరమ్మకి కూడా ధైర్యం చెప్పి వచ్చేశాను. ఆవిడ నా వంక అదోలా చూశారు.

కాలు చాపి కూర్చో. మెట్ల జోలికి వెళ్లకు.

నీ వదిన

&nbsp;

ఫిబ్రవరి 20

వదినా,

మొట్టికాయలు అందాయి, నెత్తి ఇంకా నొప్పిగానే ఉంది.

డ్యూటీలో చేరిపోయాను. బస్‌స్టేషన్లో పోయిన వస్తువుల కౌంటరంటే కూర్చునే పనే కదా. ఎవరిదో దిక్కులేని సూట్‌కేసు మీద కాలు చాపుకుని మహారాణిలా కూర్చుంటున్నాను. ఈ వారం గొడుగులు ఎన్నొచ్చాయో లెక్కలేదు. ఒక కట్టుడు పళ్ల సెట్టు కూడా వచ్చింది. మా దగ్గర రూలు నీకు తెలుసుగా, వస్తువు చూపించకముందే గుర్తులు చెప్పాలి. పాపం ఆ పళ్లాయన, నోట్లో పళ్లు లేకుండా పళ్ల గుర్తులు చెబుతుంటే నేను రిజిస్టరులో తల దూర్చేసి నవ్వు ఆపుకున్నాను.

నలభై నాలుగు సంగతి చదివి పడీ పడీ నవ్వాను! మా అన్నయ్యకి ఇన్నాళ్లకి నోరొచ్చిందన్నమాట. మంచిదే వదినా. జబ్బు చేసినవాళ్లు మూలన కూర్చుని కుళ్లిపోవడం కన్నా ఇదే నయం. నువ్వేమో ఏడుపు అంటావు. నీకు అన్నిటికీ ఏడుపే.

ఇక గొట్టం సంగతి. నువ్వు చేసిందే సరైన పని. అన్నయ్యని తొందరపెడితే మొండికేస్తాడు. ఆగు. తనే వస్తాడు. ‘ఏమోయ్’ అన్న రోజున నాకో కార్డు ముక్క పడెయ్.

కానీ ఒకటి అడుగుతాను. నా ఉత్తరం చదివితే ‘విన్నారు’ అని ఒక్క మాట రాశావు. విని ఏమన్నాడో రాయలేదేం? నాలుగేళ్లప్పుడు నేను కోటు గుండీ మింగితే, నన్ను తలకిందులుగా పట్టుకుని వీధి పొడుగునా పరిగెత్తిన మనిషి వాడు. గుండీ బయటికి రాలేదు గానీ ఆ పేరు మాత్రం నాకు అంటించి వదిలాడు. అలాంటివాడు, నా మోకాలు కోశారంటే ‘ఎలా ఉందే’ అని ఒక్క ముక్క అనలేదా? నేనేమైనా తప్పు చేశానా? కోపమైతే కోపమని చెప్పమను. నేను పడతాను.

నీ గుండీ

&nbsp;

మార్చి 8

గుండీ,

నీకు కార్డు ముక్క రాసే రోజు రాలేదు. రెండు మూడు రోజులు అయ్యాయి, రెండు మూడు వారాలూ అయ్యాయి. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. టీ ఇచ్చి ఒక నిమిషం ఎక్కువ నిలబడేదాన్ని, ‘ఏమోయ్’ అంటారేమోనని. “బిస్కెట్” అనేవారు. ఇప్పుడు రోజంతా అదే పాట. క్రీం బిస్కెట్లు, పాలల్లో నానబెట్టి, మెత్తగా చెయ్యాలి. కళ్లబడ్డాయంటే డబ్బా అయ్యేదాకా ఒప్పుకోరు. టీలో చెంచాడు చక్కెర వేస్తే మొహం చిట్లించే మనిషి! నేను డబ్బా బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను.

నీ మోకాలి సంగతి దాచి లాభం లేదు. నీ ఉత్తరం చదవడం పూర్తయ్యాక ఆయన “బిస్కెట్ ఉందా?” అన్నారు. అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లెలి కాలు కోశారు అంటే బిస్కెట్టేంటి అని ఆ పూటంతా మాట్లాడటం మానేశాను. నేను మాట్లాడటం లేదని ఆయన గమనించను కూడా లేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఇవన్నీ చాడీలు చెప్పినట్టు చెప్పేశాను. నలభై నాలుగు కథ కూడా చెప్పాను, నవ్వుతారని. ఆవిడ నవ్వలేదు. ఆయన చేత కొన్ని ఆటల్లాంటివి ఆడించారు. ‘క’తో మొదలయ్యే మాటలు తోచినన్ని చెప్పమన్నారు. కత్తెర, కాలరు, కాజా, కుట్టు, కోటు, మన షాపు నిండా ‘క’లే కదే! ఆయన “కత్తెర” అన్నారు. ఆగారు. మళ్లీ “కత్తెర” అన్నారు. పరీక్ష హాల్లో పక్కవాడికి అందించినట్టు నేను లోపల్లోపల అందిస్తూనే ఉన్నాను. నోరు తిరగక చెప్పలేదనుకున్నా. నోటి బలహీనతని పక్కకి తీసేసి చూసినా తక్కువేనట.

ఈ జబ్బు కొందరిలో కండరాలతో ఆగదట, గుండీ. తలలో, మెదడు ముందు భాగానికి కూడా కాస్త తగులుతుందట. జ్ఞాపకం బాగానే ఉంటుంది, మనుషులు గుర్తుంటారు. పోయేవి వేరే. ఎదుటివాళ్ల నొప్పి తనకి తట్టడం. తనంతట తాను ఒక పని మొదలుపెట్టడం. ఒకసారి అన్న మాటని మళ్లీ బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూసుకోవడం. ఆ చివరిది మళ్లీ ఒకసారి చదువు. ఇన్నాళ్లూ నేను దేనికోసం కాచుకుని కూర్చున్నానో అదే ఆయనలోంచి పోయింది. ‘ఏమోయ్, చూద్దామా’ అన్న మాట ఇంక దానంతటది రాదు. నేనేమో టీ కప్పు పట్టుకుని నిలబడ్డాను.

పైగా దీనికి గడువుంది. ఊపిరి బలం తగ్గుతోంది. ఇంకా తగ్గాక గొట్టం పెట్టడమే ప్రమాదమట. నెల, మహా అయితే నెలన్నరలో ఏదో ఒకటి తేలాలన్నారు. ఏం చెయ్యాలో నాకు పాలుపోవడం లేదు.

నీ మీద కోపం లేదు ఆయనకి. అది మాత్రం నమ్ము.

నీ వదిన

&nbsp;

మార్చి 14

వదినా,

నీ ఉత్తరం కౌంటర్లోనే చదివాను. సంచి కోసం వచ్చినాయనకి గొడుగిచ్చి పంపాను. ఆయన తీసుకుని వెళ్లిపోయాడు కూడా.

ఇంకా పాలుపోకపోవడం ఏంటి? తలకి తగిలిందని డాక్టరే చెప్పాక ఆ వద్దు అన్నయ్యది కాదు, జబ్బుది. జబ్బు మాట మనం వినేదేంటి? నువ్వు సంతకం పెట్టెయ్. నీ ఒక్కదానిది చాలదంటే కాగితం నాకు పంపు, నేను పెడతాను, ఒకటి కాదు పది పెడతాను. వాడు బతికుంటే తర్వాత మనిద్దర్నీ తిట్టుకోనీ.

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు. అనుకున్నా అంటాను. తినిపించేది నువ్వు, లేపేది నువ్వు, షాపు నువ్వు. అలసిపోయి ఉంటావు. అలసిపోయినవాళ్లకి వద్దు అన్న మాట సుఖంగా వినిపిస్తుందేమో. ఆయన వద్దన్నారు, నేనేం చేసేది అని చేతులు కట్టుకుని కూర్చోవడం తేలిక. నేనైతే కూర్చోను. వాడు నా అన్నయ్య.

గుండీ

&nbsp;

మార్చి 19

ఆడపడుచుగారికి,

మీ ఉత్తరం చేరింది.

నేను సంతకం పెట్టను. మీరిచ్చిన సలహా మీకన్నా ముందు నాకే తట్టింది. “అయితే ఆయన బదులు నేను సరేననేయనా?” అని డాక్టరమ్మని ఆరోజే అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. తలకి కొంచెం తగిలినంత మాత్రాన మనిషికి మాట లేకుండా పోదట. ఒక్కో నిర్ణయాన్ని విడిగా చూడాలట. ఈ ఒక్క సంగతి ఆయనకి అర్థమవుతోందా, మంచీ చెడూ పక్కపక్కన పెట్టి చూసుకోగలుగుతున్నారా అని. లేదని తేలితే అప్పుడు వేరే దారి. తేల్చుకోకుండా ఆయన పొట్ట మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. నేనూ వెయ్యనివ్వను. ఎదుటివాళ్లకి నచ్చని కాలరు ఒక్కటీ కుట్టి ఎరగని మనిషికి, ఆయన ఒంటి మీదే నచ్చనిది కుట్టిస్తానా?

ఇక అలసట. అవును, అలసిపోయాను. చిన్న గిన్నెడు సూపు తాగించేసరికి షట్టరు ఎత్తే వేళ దాటిపోతోంది. ప్రతి చెంచాకీ గడ్డం కిందికి వంచాలి. మింగారో లేదో గొంతు కేసి చూడాలి. దగ్గొస్తే చెంచా పారేసి ముందుకి వంచి పట్టుకోవాలి. అప్పుడు ఆయన కళ్లలోకి భయం వస్తుంది. ఇంక దేనికీ రాదు, దానికి మాత్రం వస్తుంది. ఆ కళ్లు చూసిన చేత్తోనే మళ్లీ చెంచా ముంచాలి.

మీరు ఒక్క పూట వచ్చి తినిపించండి. ఎవరికి ఏది సుఖమో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ అన్నయ్యగారి భార్య

&nbsp;

మార్చి 25

వదినా,

‘ఆడపడుచుగారికి!’ ‘మీరు!’ ఇంతకన్నా నాలుగు తన్నినా బాగుండేది.

మా ఆయనకి చూపించి ఏడ్చాను. చదివి, మడతపెట్టి నా చేతికిచ్చి, “ఈ ఉత్తరం నీకు వచ్చింది కాదు, నువ్వు తెచ్చుకున్నది” అన్నాడు. ఆ మనిషికి జన్మలో ఒక్కసారి సరైన మాట దొరికింది, అదీ నా మీదే. నా నోటికి నువ్వే ఒక కాజా కుట్టి గుండీ పెట్టెయ్, పీడా పోతుంది. తప్పయింది వదినా. భయమేసింది. భయమేస్తే నేను కరుస్తానని నీకు తెలుసు.

ఒక్క పూట కాదు, నెల రోజులు వచ్చి ఉంటాను. కానీ ఈ మోకాలు ఇంకా బస్సెక్కనివ్వడం లేదు. కూర్చున్న చోటి నుంచి చెయ్యగలిగింది ఆలోచించడమే. అది నాకు అలవాటు లేని పని, అయినా చేశాను.

మొన్న కౌంటరుకి ఒక పెద్దావిడ వచ్చింది. ఏం పోయిందమ్మా అంటే ‘ఏమో’ అంటుంది. ఎక్కడ అంటే ఏమో, ఎప్పుడు అంటే ఏమో. మావాళ్లు పంపించెయ్యమన్నారు. నాకెందుకో మనసొప్పక, “చేతిలో బరువుగా ఉండేదా, తేలిగ్గా ఉండేదా?” అన్నాను. తేలిగ్గా, అంది. గట్టిగానా, మెత్తగానా? మెత్తగా. అలా ఒక్కొక్కటే అడుగుతూ పోతే ఊలు ఉండలు, సగం అల్లిన స్వెటరు. మా అలమరలోనే ఉంది! తెచ్చిస్తే మొహానికి ఆనించుకుంది. ఆవిడకి తెలియక కాదు వదినా, నా మొదటి ప్రశ్న ఆవిడకి మరీ పెద్దదైంది.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. అన్నయ్యని మీరు ఏమని అడిగారు? ఏ మాటలతో అడిగారు? డాక్టర్లు చెప్పుకుపోతుంటే బుర్ర బాగున్న నాకే సగం ఎక్కదు. వాడు చిన్నప్పట్నుంచీ బడిలో చెప్పిందేదీ వినలేదు. గుడ్డ చేతికిస్తే మాత్రం ఏదైనా అర్థమయ్యేది. నాకు తోచింది ఇంతే. పనికిరాకపోతే నవ్వుకో.

క్షమించానని రాయకపోయినా పర్లేదు. పైన ‘గుండీ’ అని మాత్రం రాయి.

గుండీ (కావాలనుకుంటున్నది)

&nbsp;

ఏప్రిల్ 10

గుండీ, గుండీ, గుండీ,

చాలా?

నేను కూడా కొంచెం ఎక్కువే రాశాను. పోస్టులో వేశాక వెనక్కి లాక్కుందామని డబ్బా దగ్గర నిలబడ్డాను కూడా. ఇంక ఆ సంగతి వదిలెయ్.

నీ ప్రశ్న చదివి ఆరోజుని మళ్లీ గుర్తుచేసుకున్నాను. ఏమని అడిగాం? డాక్టరమ్మ మంచి మనిషే. కానీ ఆరోజు బయట బోలెడంత మంది ఉన్నారు, ఒక్క ఊపున అన్నీ చెప్పేశారు. పొట్టకి గొట్టం, ఊపిరికి మాస్కు, రేప్పొద్దున మెడ దగ్గర రంధ్రం చేసి పెట్టే ఊపిరి మిషను, ఇవేవీ లేకపోతే ఏమవుతుందో కూడా. ఆయన కిటికీ కేసి చూస్తున్నారు. “ఏమంటారు?” అన్నారావిడ. “వద్దు” అన్నారు ఈయన. దేన్ని వద్దన్నారో మాలో ఒక్కరం అడగలేదు. నేనైతే మొదటి వద్దు కదా అని నిశ్చింతగా బయటికొచ్చాను.

నువ్వు గుడ్డ అన్నావు. అది పట్టుకున్నాను. ఆయన కోటు కుట్టే పద్ధతి నీకు గుర్తుందా? ముందు తెల్లదారంతో పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసి, మనిషికి తొడిగి, చేతులెత్తించి, కూర్చోబెట్టి, నడిపించి చూసి, అంతా బాగుంటేనే మిషను మీద పక్కా కుట్టు వేసేవారు. ఎంత తొందరున్న పెళ్లికొడుకైనా సరే, కచ్చా కుట్టు లేనిదే ఒప్పుకునేవారు కాదు. నేను డాక్టరమ్మని అడిగి ఒక నమూనా గొట్టం తెచ్చుకున్నాను. దిండుకి తెల్లగుడ్డ చుట్టి, మధ్యలో ఒక కాజా తీసి, గొట్టం అందులో దూర్చి, చుట్టూ కచ్చా కుట్టు వేశాను. పొద్దున్నే ఆయన తేటగా ఉంటారు. షట్టరు ఎత్తకుండా, రేడియో పెట్టకుండా, దాన్ని కటింగ్ బల్ల మీద ఆయన ముందు పెట్టాను. మాస్కూ, మెడా ఏదీ ఎత్తలేదు. ఈ ఒక్కటే.

“ఇదిగో, మీ పొట్ట” అన్నాను.

కాజా కేసి చూశారు. “వంకర” అన్నారు.

“నా చేతి పని కదా, వంకరే. డాక్టర్లు తిన్నగా చేస్తారులెండి. పాలూ సూపూ ఇందులోంచి పోస్తాను. మింగే పని లేదు.”

“బిస్కెట్?”

“రుచికి కొంచెం నోట్లో పెట్టుకోవచ్చట. డాక్టరమ్మ చెప్పినంతే.”

చాలాసేపు చూశారు. తర్వాత ఎడమచేతి రెండు వేళ్లూ బల్ల మీద జరుపుకుంటూ వచ్చి, తెల్లదారం కొసని పట్టుకోబోయారు. చిక్కలేదు. నేను ఆ కొస వేళ్ల మధ్య పెట్టాను. లాగారు. కుట్టంతా విడిపోయి గొట్టం బల్ల మీద పడింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంకేం, వద్దనే కదా అనుకున్నాను. ఆయన తలెత్తి నన్ను చూసి, “విప్పొచ్చా?” అన్నారు.

గుండీ, నాకు జవాబు తెలియదు! ఇన్నాళ్లూ మాలో ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. ఆయన మాత్రం అది పక్కా కుట్టు అనుకుని కూర్చున్నారు. అప్పుడే ఆటో పిలిచి ఆస్పత్రికి వెళ్లాం. షాపుకి తాళం, బయట ఇద్దరు గిరాకీలు. డాక్టరమ్మ ఈసారి కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుని కూర్చుని, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పారు. విప్పొచ్చునట. వద్దనుకున్న రోజున వాడటం మానేయొచ్చు, తీసేయొచ్చు. “ఇప్పుడు నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి” అన్నారు. ఆయన ఎంతసేపు తీసుకున్నారో చెప్పలేను. “నోరు బదులు... పొట్ట. కచ్చా. బాగోకపోతే... విప్పడం.” ఆవిడ నా వంక చూశారు. నేను కచ్చా అంటే ఏంటో చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

అయినా ఆ ఒక్క సరేతో ఊరుకోలేదు. రెండు మూడు రోజులాగి మళ్లీ రమ్మన్నారు. మాట నిలకడగా ఉందా అని చూస్తారట. “మీ ఇంటి లెక్కే ఇప్పుడు నాకు పనికొస్తోందండీ. కాకపోతే కాచుకుని కూర్చోవడం కాదు, మనమే వెళ్లి అడగాలి” అన్నారు నాతో. మళ్లీ వెళ్లాం. మళ్లీ అదే మాట. గొట్టానికి సరే.

ఇది చెప్పకుండా దాటెయ్యాలని ఉంది, కానీ నీతో దాపరికాలు వద్దు. మెడ దగ్గర మిషను సంగతి విడిగా, వేరే రోజు అడిగారు. వద్దన్నారు. అది కూడా ఆపమంటే ఆపుతామని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పారు. అది లేకపోతే ఒకనాటికి ఊపిరి చాలదన్న సంగతీ చెప్పారు. అయినా వద్దు. ఎందుకని అడిగితే, “మంచం. కుర్చీ... కావాలి” అన్నారు. ఆ మిషనుతో మంచానికి అంటుకుపోతానని ఆయన భయం. బల్లకి ఎదురుగా ఉన్న ఆ కుర్చీలో కూర్చోగలిగినన్నాళ్లే ఉంటారట. కుర్చీలోనూ వాడొచ్చేమో చూద్దామన్నారు డాక్టరమ్మ. దానికీ వద్దే. ఇంకో రోజు నేను అడిగాను. రెండు మూడు రోజులు పోయాక మళ్లీ అడిగాను. ఇది మొదటి వద్దు కాదు, గుండీ. నేను కర్టెన్ వెనక్కి వెళ్లి ఏడ్చేసి, మొహం కడుక్కుని బయటికి వచ్చి, సరేనన్నాను.

గొట్టం పెట్టే ముందు డాక్టరమ్మ ఇంకొకటి అడిగారు. “ముందు ముందు మీరు మాట్లాడలేకపోతే? విప్పమని మాకు ఎవరు చెప్పాలి?”

ఆయన గడ్డంతో నన్ను చూపించారు. “ఆవిడ.”

“ఆవిడే ఎందుకు?”

ఇంత చదువుకుని ఇది కూడా తెలియదా అన్నట్టు చూశారావిడ కేసి. ఒక్కో ముక్కా కూడబలుక్కుని చెప్పారు. “నా కొలతలు... ఆవిడ దగ్గరున్నాయి.”

అందరి కొలతలూ రాశాను గానీ ఆయనవి ఎప్పుడూ కాగితం మీద రాయలేదే. అవసరం పడలేదు, చేతికే తెలుసు. నేను అక్కడే, అందరి ముందూ, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన కాసేపు చూసి, “బిస్కెట్?” అన్నారు. డాక్టరమ్మ ఈసారి నవ్వారు.

గొట్టం పెట్టారు. ఇంటికొచ్చేశాం. కుర్చీలో ఉన్నారు, నేను కత్తిరిస్తున్న ప్యాంటుని చూసి మొహం చిట్లిస్తున్నారు.

నీ మోకాలు ఎలా ఉందని అడగలేదు. అడగరు. అది జబ్బు పట్టుకుపోయింది, నువ్వు మనసులో పెట్టుకోకు. కాలు బాగయ్యాక నువ్వొస్తావని చెప్పాను. “వద్దు” అన్నారు. ఇది ఏ వద్దో నువ్వే వచ్చి తేల్చుకో.

నీ వదిన

&nbsp;

ఏప్రిల్ 15

వదినా,

వద్దన్నాడా? అనమను. రెండు మూడు రోజులు ఆగే ఓపిక నాకు లేదు, బ్యాగు సర్దేశాను. చేతికర్రతో వెళ్లొచ్చని మోకాలి డాక్టరు ఒప్పుకున్నాడు. కర్ర కొనలేదు. మా అలమరలో ఏళ్ల తరబడి ఎవరూ అడగనిది ఒకటుంటే ఆఫీసులో చెప్పి తీసుకున్నాను. శనివారం పొద్దున్న నీ షట్టరు దగ్గర ఉంటాను.

మెడ మిషను సంగతి చదివి కాగితం విసిరికొట్టాను. తర్వాత ఏరుకుని మళ్లీ చదివాను. వాడితో పోట్లాడాలని ఉంది వదినా. పోట్లాడను. కుర్చీ అన్నాడుగా, ఆ కుర్చీ పక్కన నాకో స్టూలు వెయ్యి.

వాడి కొలతలు నాకు తెలుసనుకునేదాన్ని. నా దగ్గరున్నవి నన్ను తలకిందులుగా పట్టుకుని పరిగెత్తిన కుర్రాడివి. ఇప్పటివి నువ్వు నేర్పాలి. పాలు ఎన్ని పొయ్యాలి, ఎంత నెమ్మదిగా పొయ్యాలి, తల ఎంత ఎత్తులో ఉంచాలి అన్నీ. ఒక్కసారి చూపించు చాలు. ఆ తర్వాత మొదటి పూట నాది. నువ్వు కర్టెన్ వెనక్కి వెళ్లి, గిరాకీ వచ్చినా లేవకుండా పడుకో. ఎవరి నడుమైనా కొలవాలంటే నేను కొలుస్తాను, అన్నయ్య అరుస్తాడు.

నా మోకాలి గురించి వాడు అడక్కపోతే నేనే చెబుతాను. పాలు పోస్తూ, మొదట్నుంచీ, ఒక్క కుట్టు కూడా వదలకుండా చెబుతాను. వింటాడు కదా. నువ్వు ఫిబ్రవరిలో ‘విన్నారు’ అని రాస్తే నాకు ఎంతో తక్కువనిపించింది. ఇప్పుడు అది చాలు.

క్రీం బిస్కెట్లు తెస్తున్నాను. బీరువా తాళం చెవి దగ్గర పెట్టుకో.

గుండీ